దెబ్బ మానింది, నొప్పి మానలేదు: టీనేజ్ పిల్లల నరాల నొప్పిని గుర్తించడంలో ఎక్కడ ఆలస్యమవుతోంది?

కబడ్డీ ఆడుతుంటే చీలమండ మడత పడుతుంది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదంటారు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, పది రోజులు కాలు కింద పెట్టొద్దని చెప్పి పంపిస్తారు. వాపు తగ్గుతుంది, కమిలిన రంగు పోతుంది. ఇక లేచి తిరగాల్సిన మూడో వారంలో నొప్పి కొత్త రూపం ఎత్తుతుంది. "కారం పూసినట్టు మండుతోంది" అంటుంది పదమూడేళ్ల అమ్మాయి. సాక్సు తొడగనివ్వదు. రాత్రి దుప్పటి అంచు తగిలినా ఏడుస్తుంది. పాదం ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, రంగు కాస్త ఊదాకు తిరుగుతుంది. మళ్లీ ఎక్స్‌రే, తర్వాత ఎంఆర్‌ఐ, రక్త పరీక్షలు. అన్నిట్లోనూ ఒకటే మాట: నార్మల్.

దెబ్బ తర్వాత పిల్లల్లో వచ్చే నరాల నొప్పి చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. ఆ నార్మల్ రిపోర్టు చేతికొచ్చాక అసలు తిరుగుడు మొదలవుతుంది. ఎముకల డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి వెళ్లమంటారు. ఆయన నరాలు బాగానే ఉన్నాయంటారు. ఒకరు బలానికి సూదులు రాస్తారు, ఇంకొకరు నెల రోజులు సిమెంటు కట్టు వేద్దామంటారు. మధ్యలో ఎవరో పుత్తూరు కట్టు వేయించమంటారు, మరొకరు దిష్టి తీయించమంటారు. చివరికి బంధువుల్లో ఒకరు మెల్లగా అనేస్తారు: "పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, స్కూలు ఎగ్గొట్టడానికేమో." ఆ మాట పిల్ల చెవిన పడుతుంది.

ఇంత తిరుగుడుకు కారణం ఈ జబ్బు వైద్యానికి అంతు చిక్కనిది కావడం అనుకుంటే పొరపాటు. దీన్ని గుర్తించే పద్ధతి ఉంది, ప్రమాణాలు ఉన్నాయి, చికిత్సా ఉంది. కాకపోతే ఈ రోగ నిర్ధారణ చేసేది యంత్రం కాదు. పిల్ల చెప్పేది విని, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసి, చేత్తో ముట్టుకుని తేల్చాల్సిన జబ్బు ఇది. రోగికి మూడు నిమిషాలు దొరికే ఓపీలో ఆ పని జరగదు. జరగని పనికి బదులుగా ఇంకో స్కాన్ రాస్తారు.

మామూలు నొప్పికి, నరాల నొప్పికి తేడా ముందు తెలియాలి. దెబ్బ తగిలిన కండరం, ఎముక, కీలు తమకు జరిగిన నష్టాన్ని నరాల ద్వారా మెదడుకు చెప్పడం మామూలు నొప్పి. పుండు మానితే అదీ ఆగుతుంది. సమాచారం మోసే నరమే దెబ్బతింటే, లేదా ఆ సమాచారాన్ని అందుకునే వెన్నుపాము, మెదడు అతిగా స్పందించడానికి అలవాటు పడితే, కింద పుండు మానినా నొప్పి ఆగదు. దెబ్బ తర్వాత మిగిలిపోయిన నొప్పిలో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, ఫలానా నరానికి నిజంగానే గాయం కావడం. విరిగిన ఎముక అంచు తగిలో, చీలమండ మడతపడినప్పుడు సాగిపోయో, ఆపరేషన్ కుట్ల దగ్గర నలిగో, బైకు ప్రమాదంలో మెడ దగ్గరి నరాల గుత్తి గుంజుకుపోయో ఇది జరుగుతుంది. అప్పుడు నొప్పి, తిమ్మిరి ఆ నరం పరిధిలోనే ఉంటాయి. పిల్లవాడు వేలితో గీత గీసి మరీ హద్దు చూపించగలడు. రెండోది, ఏ ఒక్క నరం హద్దుకూ లోబడకుండా, సాక్సు తొడిగినంత మేరా, గ్లవ్స్ తొడిగినంత మేరా పాకే నొప్పి. దాంతో పాటు రంగు, వేడి, చెమట, వాపుల్లో తేడాలు ఉంటే డాక్టర్లు కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్, పొట్టిగా సీఆర్‌పీఎస్, గురించి ఆలోచిస్తారు. ఏ నరానికీ గాయం కనబడకపోతే దాన్ని టైప్ 1 అనీ, నరానికి దెబ్బ తగిలినట్టు తేలితే టైప్ 2 అనీ అంటారు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో తూటా దెబ్బలు తిన్న సైనికుల్లో, పుండు మానినా ఆగని మంటను సైలాస్ వైర్ మిచెల్ బృందం 1864లోనే గ్రంథస్తం చేసింది. 1900లో జర్మన్ సర్జన్ పాల్ సూడెక్, గాయం తర్వాత ఎముక పలచబడటాన్ని వర్ణించాడు. తర్వాత చాలాకాలం రిఫ్లెక్స్ సింపథెటిక్ డిస్ట్రోఫీ, పొట్టిగా ఆర్‌ఎస్‌డీ, అన్న పేరు నడిచింది. 1994లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం సీఆర్‌పీఎస్ అనే పేరు ఖాయం చేసింది. పాత పేర్లు ఇప్పటికీ ప్రిస్క్రిప్షన్ల మీద కనిపిస్తాయి. ఒకే ఫైలులో ఒకరు ఆర్‌ఎస్‌డీ, ఒకరు సూడెక్స్, ఇంకొకరు సీఆర్‌పీఎస్ అని రాస్తే మూడు జబ్బులు వచ్చాయని కంగారు పడాల్సిన పనిలేదు.

పిల్లల్లో దీని తీరు పెద్దల్లో కంటే కొంచెం వేరు. పెద్దల్లో చేతికి ఎక్కువగా వస్తే, పిల్లల్లో కాలికి ఎక్కువగా వస్తుంది. అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. పన్నెండు, పదమూడేళ్ల ప్రాయంలో ఎక్కువగా బయటపడుతుంది. పెద్దల్లో తొలిదశలో ఆ అవయవం ఎర్రగా వేడెక్కడం సాధారణమైతే, పిల్లల్లో మొదటి నుంచీ చల్లబడి ఉండటమే తరచుగా కనిపిస్తుంది. కారణమైన దెబ్బ చాలా చిన్నది కావచ్చు. ఒక్కోసారి ఏ దెబ్బ తగిలిందో పిల్లలకు గుర్తే ఉండదు. పెద్దల కేసులే చూసి అలవాటైన డాక్టరుకు ఈ చల్లటి పాదం చూడగానే సీఆర్‌పీఎస్ తట్టకపోవడానికి ఇదొక కారణం.

మంచి పరీక్ష ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే, ఇందులో ఖరీదైనదేదీ లేదని అర్థమవుతుంది. డాక్టరు ముందు రెండు కాళ్లకూ మోకాలి దాకా బట్ట తీయించి, గది చలికి అలవాటు పడేదాకా ఆగుతారు. రంగులో తేడా చూస్తారు. ఒక కాలి గోళ్లు, వెంట్రుకలు రెండో కాలితో పోలిస్తే వేగంగానో నెమ్మదిగానో పెరిగాయా చూస్తారు. పిక్కల చుట్టుకొలత టేపుతో కొలుస్తారు. చేతి వెనుక భాగంతో రెండు పాదాలనూ తాకి వేడి పోల్చుకుంటారు. ఏది తడిగా ఉందో గమనిస్తారు. తర్వాత బాగున్న కాలితో మొదలుపెట్టి దూదిపింజతో సున్నితంగా రాస్తారు. దూది తగిలితే నొప్పి పుట్టడం మామూలు విషయం కాదు. నాటకమాడే పిల్లలకు ఏ చోట ఎలా ముఖం ముడవాలో ఇంత తేడాగా తెలియదు. ఆ తర్వాత గుండుసూది మొన, చల్లటి ట్యూనింగ్ ఫోర్కు. నరం దారి వెంట వేలితో తట్టినప్పుడు ఒకచోట కరెంటు షాకు కొట్టినట్టు కింది దాకా జివ్వుమంటే అక్కడ నరం గాయపడి ఉండొచ్చు. చివరగా వేళ్లు ఆడించమంటారు, మడమల మీద నడవమంటారు. పాదం పైకి లేవకుండా వేలాడుతుంటే మోకాలి పక్కన ఉండే నరం గురించి ఆలోచించాలి. మొత్తం కలిపి ఇరవై నిమిషాల పని.

ఈ పరిశీలనను ఒక చట్రంలో పెట్టినవే బుడాపెస్ట్ ప్రమాణాలు. 2003లో ఆ నగరంలో నిపుణులు కూర్చుని రూపొందించారు. దెబ్బకు తగ్గ స్థాయిని మించిన నొప్పి కొనసాగుతూ ఉండాలి. ఆపైన నాలుగు గుంపుల లక్షణాలను చూస్తారు. తాకితే నొప్పి లేదా అతి నొప్పి ఒకటి. రంగు, వేడిలో తేడా రెండోది. వాపు లేదా చెమటలో తేడా మూడోది. కదలికలు తగ్గడం, వణుకు, బలహీనత, చర్మం, గోళ్లు, వెంట్రుకల్లో మార్పు నాలుగోది. వీటిలో కనీసం మూడు గుంపుల నుంచి లక్షణాలు ఉన్నాయని రోగి చెప్పాలి, కనీసం రెండు గుంపుల నుంచి డాక్టరు కళ్లారా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ లక్షణాలను ఇంతకంటే బాగా వివరించే వేరే జబ్బు ఉండకూడదు. ఇవి పెద్దల కోసం చేసిన ప్రమాణాలు, పిల్లలకూ వాడుతున్నారు. అందువల్ల ఒక గుంపు తగ్గిందని పిల్లను వెనక్కి పంపేయడం సరికాదు. పైగా రంగు, వేడి గంటగంటకూ మారతాయి. ఆస్పత్రి గదిలో మామూలుగా కనిపించిన పాదం ఇంట్లో సాయంత్రానికి ఊదాగా మారొచ్చు. అందుకే రెండు పాదాలూ ఒకే ఫ్రేములో ఉండేలా ఫోనులో తీసి, తేదీ, సమయంతో దాచిన ఫొటోలు డాక్టరుకు చాలా పనికొస్తాయి.

మరి యంత్రాల సంగతి? కుటుంబాలు ఎక్కువగా నమ్మే పరీక్ష నర్వ్ కండక్షన్ స్టడీ, వాడుకలో "నరాల టెస్టు". ఇది లావుపాటి, వేగంగా సంకేతాలు మోసే నరపు పోగులనే కొలుస్తుంది. మంటను, చలిని, వేడిని మోసే సన్నని పోగులు దీనికి అందవు. సబ్‌స్టేషన్ దగ్గర ఫీడర్ లైను బాగుందని తేల్చినంత మాత్రాన వీధి చివరి ఇంటికి కరెంటు సరిగ్గా వస్తోందని చెప్పలేం కదా, ఇదీ అంతే. టైమింగ్ కూడా ముఖ్యం. నరం తెగినా మొదటి కొన్ని రోజుల్లో టెస్టు చేస్తే గాయానికి దిగువన నార్మల్‌గానే కనబడొచ్చు. కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీలో మార్పులు తేలడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. దెబ్బ తగిలిన నాలుగో రోజు చేసిన టెస్టును ఆరు నెలల తర్వాత కూడా సాక్ష్యంగా చూపించడం అర్థం లేని పని. నరం గాయమని అనుమానం గట్టిగా ఉంటే అల్ట్రాసౌండ్‌లో నరాన్ని పొడవునా చూసే వీలుంది. సీఆర్‌పీఎస్‌ను నిర్ధారించే రక్త పరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. ఎంఆర్‌ఐ, ఎక్స్‌రేల అసలు పని వేరే జబ్బులు లేవని చూపించడం. ఆ పని అవి చేశాక నార్మల్ అన్న మాటను "వేరే ప్రమాదకరమైనది కనబడలేదు" అని చదవాలి. "ఏమీ లేదు" అని చదివితే పిల్లకు అన్యాయం జరిగినట్టే.

ఆ వేరే జబ్బుల జాబితాను తేలిగ్గా తీసుకోకూడదు. ఎదిగే వయసులో మోకాలి చుట్టూ ఎముక క్యాన్సర్ రావొచ్చు. చిన్న దెబ్బ తగిలాకే అది కంటపడటం తరచూ జరుగుతుంది, అందరూ దెబ్బకే లంకె పెడతారు. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, గట్టిగా తగిలే గడ్డ ఉంటే సీఆర్‌పీఎస్ అనుకుని కూర్చోకూడదు. కట్టు వేసిన కొన్ని గంటల్లో భరించలేని నొప్పి పుట్టి, వేళ్లు మొద్దుబారితే అది ఎమర్జెన్సీ, అప్పటికప్పుడు కట్టు విప్పాలి. బలహీనత రోజురోజుకూ పెరుగుతున్నా, మూత్రం, మలం మీద పట్టు తప్పినా వెన్నుపాము చూడాలి. రెండు చేతులు, రెండు పాదాల్లో చిన్నప్పటి నుంచీ జ్వరం వచ్చినప్పుడు, ఎండలో మంటలు, చెమట సరిగ్గా పట్టకపోవడం ఉన్న అబ్బాయిలో ఫాబ్రీ అనే అరుదైన జన్యు జబ్బు ఉండొచ్చు, దానికి చికిత్స ఉంది. బి12 లోపం, షుగర్ చూడటం సులువు. మన దగ్గర కుష్ఠును మరిచిపోకూడదు. ప్రపంచంలో ఏటా కొత్తగా నమోదయ్యే కేసుల్లో సగానికి పైగా ఇండియావే. మోచేయి లోపలి వైపు, మోకాలి బయటి వైపు నరం లావుగా తాడులా తగులుతుంటే, స్పర్శ లేని మచ్చ ఉంటే, ఆ పరీక్ష వెంటనే చేయాలి. మందులు ప్రభుత్వాస్పత్రిలో ఉచితం.

ఇవన్నీ లేవని తేలాక మిగిలేది నమ్మకం సమస్య. పిల్ల చెప్పేదాన్ని నమ్మకపోవడం వల్ల జరిగే నష్టం ఏ స్కాన్ ఆలస్యం కన్నా పెద్దది. నొప్పి గురించి ఎవరైనా చెబితే దాన్ని గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనపు వివరణలోనే రాసింది. సైకాలజిస్టు దగ్గరికి పంపడం తప్పు కాదు, సరైన చికిత్సలో అది భాగమే. పంపే తీరులోనే తేడా ఉంది. "నీకు ఏమీ లేదు, మనసులో ఉంది" అని పంపితే పిల్ల ఆ తలుపు శాశ్వతంగా మూసేస్తుంది. "నొప్పి నిజం. నిద్ర లేకపోవడం, టెన్షన్, కదిలితే ఏమవుతుందోనన్న భయం ఆ నొప్పిని పెంచుతాయి. వాటిని తగ్గించడం నేర్చుకుందాం" అని పంపితే వింటుంది. హాస్టల్లో ఉండి తెల్లారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్ల మధ్య నలిగే ఇంటర్ పిల్లలకు ఒత్తిడి ఉండదని ఎవరూ అనరు. ఒత్తిడి ఉన్నంత మాత్రాన పాదం ఊదా రంగు నాటకం అయిపోదు.

ఆలస్యం ఎందుకు ఇంత హాని చేస్తుందంటే, నిర్ధారణ కోసం తిరిగే నెలల్లో కాలు కదలదు. నొప్పి వల్ల కదలించరు. కదలించక కండరం సన్నబడుతుంది, కీళ్లు బిగుస్తాయి, ఎముక పలచబడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. ఆ కాలి నుంచి మెదడుకు మామూలు స్పర్శల వార్తలు రావడం మానేస్తాయి. నొప్పి ఇంకా పెరుగుతుంది. "రెస్టు ఇవ్వండి" అన్న సలహా విరిగిన ఎముకకు మేలు చేస్తుంది, ఈ జబ్బును ముదరబెడుతుంది. సిమెంటు కట్టు మరీ చేటు. అందుకే ఎముక సవ్యంగా ఉందని, ప్రమాదకరమైన జబ్బు లేదని తేలగానే, ఇంకో రెండు పరీక్షలు పెండింగ్‌లో ఉన్నా సరే, ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి.

పిల్లల విషయంలో దీని ఫలితాలు ఆశ కలిగించేవే. అమెరికాలో డేవిడ్ షెర్రీ బృందం 1999లో, రోజుకు గంటల తరబడి చేయించే వ్యాయామ చికిత్సతో వందకు పైగా పిల్లల అనుభవాన్ని ప్రచురించింది. చికిత్స పూర్తిచేసిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిది మందికి నొప్పి పోయింది. పోల్చడానికి వేరే గుంపు లేని అధ్యయనం కాబట్టి ఆ అంకెను కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా పిల్లలు పెద్దల కంటే బాగా కోలుకుంటారన్న సంగతి తర్వాతి పరిశీలనల్లోనూ కనిపిస్తూ వచ్చింది. 2020 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల దీర్ఘకాలిక నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామం, మానసిక చికిత్స, అవసరమైతే మందులు, ఈ మూడింటినీ కలిపే చూడమన్నాయి.

ఇంట్లో చేసే పని చాలా మామూలుగా కనిపిస్తుంది. మొదట సిల్కు గుడ్డతో పాదం మీద నిమరడం, అది ఓర్చుకోగలిగాక నూలు గుడ్డ, తర్వాత గరుకు తువాలు. బేసిన్‌లో బియ్యం పోసి అందులో పాదం ఉంచి వేళ్లు కదిలించడం. అద్దం నిలువుగా పెట్టి, బాగున్న కాలు కదులుతుంటే నొప్పి కాలే కదులుతున్నట్టు చూడటం. ఒక కాలి మీద బరువు వేసి నిలబడే సెకన్లు లెక్కపెట్టడం. రోజూ పలుమార్లు, ఏడుపుల మధ్య, వారాల తరబడి. పక్కనుండే తల్లిదండ్రులకు ఇది కఠినమైన పరీక్ష, ఎందుకంటే పిల్ల నొప్పి అంటున్నా ఆపకుండా చేయించాలి. కదిలితే వచ్చే ఈ నొప్పి కాలికి హాని చేయడం లేదని ఫిజియోథెరపిస్టు ముందే విడమరచి చెబితే అందరికీ ధైర్యం వస్తుంది. "ఇప్పుడు నొప్పి ఎంత?" అని గంటకోసారి అడగడం మానేసి, ఈరోజు ఎన్ని మెట్లు ఎక్కింది, స్కూల్లో ఎన్ని పీరియడ్లు కూర్చుంది అని చూడటం మేలు. నడక, నిద్ర, స్కూలు ముందు బాగుపడతాయి. నొప్పి ఆ వెనకే, చాలా నెమ్మదిగా తగ్గుతుంది.

మందుల పాత్ర ఇందులో చిన్నది. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి రాస్తారు. పిల్లల నొప్పిలో వీటికి ఆధారాలు పలచగానే ఉన్నాయి, కొందరికి నిద్ర పట్టడానికి, థెరపీ చేయగలగడానికి సాయపడతాయి. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ మందని ఇంటర్నెట్‌లో చదివి ఉలిక్కిపడక్కర్లేదు. నరాల నొప్పికి దాన్ని తక్కువ మోతాదులో వాడటం పాత పద్ధతే. వీటిని సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు. "నరాల బలానికి" అంటూ నెలల తరబడి బి కాంప్లెక్స్ వేయించడం విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. బి6 ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. లోపం ఉందని తేలితేనే విటమిన్లు. ఇక నరం నిజంగానే తెగినా, నలిగినా దారి వేరు. అక్కడ సర్జన్ అవసరం, కాలయాపన పనికిరాదు. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, కండరం దానికోసం ఏళ్ల తరబడి ఎదురుచూడలేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్నకు మన రాష్ట్రాల్లో సూటి జవాబు లేకపోవడం నిజంగా బాధాకరం. నొప్పి క్లినిక్కులను ఎక్కువగా నడిపేది మత్తు డాక్టర్లని చాలామందికి తెలియదు. పెద్ద బోధనాసుపత్రుల్లో ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ అనే విభాగం ఉంటుంది, ఈ జబ్బుకు అది సరైన గడప. పిల్లల నరాల డాక్టరు అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. ఎవరి దగ్గరికి వెళ్లినా ఒకే కాగితం మీద దెబ్బ తగిలిన తేదీ, నొప్పి తీరు మారిన తేదీ, వేసిన కట్లు, వాడిన మందులు వరుసగా రాసి తీసుకెళ్తే, ఫైలంతా తిరగేసే సమయం పిల్లను పరీక్షించడానికి మిగులుతుంది. "ఇది సీఆర్‌పీఎస్ కావచ్చా? కాదంటే ఎందుకు కాదు?" అని సూటిగా అడగడంలో తప్పులేదు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లు, ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ నడిచే పథకం. వారాల తరబడి అవసరమయ్యే ఫిజియోథెరపీ భారం చాలా ఇళ్లలో సొంత జేబు మీదే పడుతుంది. ఖరీదైన స్కాన్‌కు అప్పు చేసైనా డబ్బు సర్దే ఇల్లు, థెరపీ పది రోజులకే మానేయడం వెనుక ఈ లెక్క కూడా ఉంది.

కోలుకున్న పిల్లల్లో కొందరికి ఇది తిరిగి వస్తుంది. షెర్రీ బృందం రెండేళ్లకు మించి గమనించిన వారిలో మూడింట ఒక వంతు మందికి మళ్లీ వచ్చింది. ఒక్కోసారి వేరే కాలికో చేతికో రావొచ్చు. ఈసారి నిర్ధారణ కోసం మొదటి నుంచీ తిరగనక్కర్లేదు. కొత్త దెబ్బలో ఎముక విరగలేదని చూసుకుని, పాత వ్యాయామాలు అదే వారం మొదలుపెట్టాలి. తర్వాత ఎప్పుడైనా ఆ అవయవానికి ఆపరేషన్ అవసరమైతే, కట్టు వేయాల్సి వస్తే, పాత సీఆర్‌పీఎస్ సంగతి సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ ముందే చెప్పాలి. డిశ్చార్జి కాగితం మీద ఆ పేరు స్పష్టంగా రాయించుకుంటే, ఊరు మారినా డాక్టరు మారినా మళ్లీ నార్మల్ రిపోర్టుల దగ్గర ఆగిపోయే పరిస్థితి రాదు.